నక్షత్రం గుర్తు లారీ

రైలు చరిత్ర మీద మన దేశంలో పుస్తకాలు చాలా వచ్చాయి. ఓడల మీద, రేవుల మీద, తంతి తపాలా మీద కూడా వచ్చాయి. లారీ మీద వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కారణం ఊహించడం కష్టం కాదు. రైలు సర్కారుది. దానికి దస్తావేజులున్నాయి, వార్షిక నివేదికలున్నాయి. లారీ ఒంటి మనిషి ఆస్తి. దాని దస్తావేజు అంటే ఒక ఆర్.సి. పుస్తకం, ఒక పర్మిటు కాగితం, ఇంట్లో ఒక చిట్టా. బండి పాత ఇనుము కొట్టుకు పోయిన రోజునే ఆ కాగితాలూ పొయ్యిలోకి పోతాయి.

సరిహద్దుల్లో స్థిరపడిన మన తెలుగువాళ్లకు ఈ నష్టం ఇంకొంచెం ఎక్కువ. రాష్ట్రాలు ఏర్పడి గీతలు పడిన తర్వాత కూడా ఆ గీతల మీదుగా బియ్యం, బెల్లం, చింతపండు, పెళ్లి బృందాలు, జాబులు మోసింది లారీయే. ఆ సంగతి ఏ గెజిటీరులోనూ లేదు. అందుకని మా కుటుంబపు లారీ ఒకదాన్ని బాగుచేయించిన సందర్భంలో నాకు తెలిసివచ్చిన చరిత్రను ఇక్కడ రాసిపెడుతున్నాను. నేను చరిత్రకారుణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. కాబట్టి ఇందులో లెక్క పాలు ఎక్కువ ఉంటే పాఠకులు ఓర్చుకోవాలి.

లారీ 1962 నాటిది. మా తాత హోసూరులో కొన్నాడు. అప్పటికి హోసూరు మద్రాసు రాష్ట్రంలో సేలం జిల్లా తాలూకా. 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కృష్ణగిరి జిల్లాలోకి మారింది. బండి మాత్రం ఒకే షెడ్డులో ఉండగా రెండు జిల్లాలు మారింది. మా తాత, ఆయన తర్వాత మా నాయన, చిన్నాయన 1986 దాకా దాన్ని తిప్పారు. ఆ తర్వాత చింతతోపు పక్కనున్న రేకుల షెడ్డులో నిలబెట్టేశారు.

2022లో ఉమ్మడి ఆస్తి పంపకానికి వచ్చింది. ఇంటికి, తోటకు, బావికి విలువ కట్టడం సులువుగానే అయింది. లారీ దగ్గర మాట ఆగింది. పాత ఇనుము వ్యాపారి వచ్చి చూసి 95,000 ఇస్తానన్నాడు. మా తమ్ముడు అమ్మేద్దామన్నాడు. "నాయనే నిలబెట్టేసినాడు గదన్నా, మనమేం చేసేది?" అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. ఆ షెడ్డు చోటు వాడికి కావాలి, ఆ డబ్బు కూడా కావాలి. చిన్నాయన కూతురు, నాకు చెల్లెలు, అమ్మవద్దంది. చివరకు ముగ్గురం ఒక ఒప్పందానికి వచ్చాం. బాగుచేయించే ఖర్చు నాది. గడువు 18 నెలలు. ఆ లోపల బండి తన సొంత బలంతో షెడ్డు దాటి బయటికి రావాలి. రాకపోతే అదే వ్యాపారికి అమ్మి మూడు భాగాలు చేసుకోవాలి. నేను నెలకు 10,000 చొప్పున పక్కన పెట్టగలను. 18 నెలలకు 1,80,000. అప్పు చేయకూడదని, ఆ మొత్తం దాటకూడదని నిర్ణయించుకున్నాను.

ఇక చరిత్రలోకి వస్తాను.

స్వాతంత్ర్యానికి ముందు మన రోడ్ల మీద తిరిగిన లారీలు దాదాపు అన్నీ సీమ సరుకే. అమెరికా నుంచి షెవ్రొలే, ఫోర్డు, డాడ్జి, ఫార్గో వచ్చేవి. ఇంగ్లండు నుంచి బెడ్‌ఫర్డు వచ్చేది. 1928లో జనరల్ మోటార్స్ వాళ్లు బొంబాయిలో విడిభాగాలు తెచ్చి బిగించే కార్ఖానా పెట్టారు. బిగింపే తప్ప తయారీ లేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు రేషను వచ్చింది. అప్పుడు బండి వెనుక పెద్ద డబ్బా కట్టి, అందులో బొగ్గు మండించి, ఆ గ్యాసుతో బస్సులూ లారీలూ నడిపారు. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వదిలేసిన లారీలు వేలంలో అమ్ముడుపోయాయి. దక్షిణాదిలో చాలా లారీ కుటుంబాల మొదటి బండి అలాంటి వేలం బండే.

1953లో టారిఫ్ కమిషన్ ఒక కీలకమైన మాట చెప్పింది. విడిభాగాలను క్రమంగా ఇక్కడే తయారుచేసే కార్యక్రమం ఉన్నవాళ్లకే అనుమతి ఇవ్వాలనీ, ఉత్త బిగింపు కార్ఖానాలు అక్కర్లేదనీ దాని సారాంశం. ప్రభుత్వం దాన్ని ఆమోదించింది. ఫోర్డు, జనరల్ మోటార్స్ 1954లో ఇక్కడి పని ముగించుకున్నాయి. ఆ ఖాళీలోకి వచ్చినవాళ్లలో ఇద్దరు దక్షిణాది రోడ్లను పంచుకున్నారు. ఒకరు మద్రాసు దగ్గర ఎన్నూరులోని అశోక్ లేలాండ్. రఘునందన్ శరణ్ 1948లో స్థాపించిన అశోక్ మోటార్స్ ముందు ఆస్టిన్ కార్లు బిగించేది. ఇంగ్లండు లేలాండ్‌తో కలిసి 1955లో ఈ పేరు పెట్టుకుంది. రెండోవారు జంషెడ్‌పూర్‌లోని టెల్కో. 1945లో రైలింజన్ల కోసం పుట్టిన కంపెనీ అది. 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో 15 ఏళ్ల ఒప్పందం చేసుకుని, ఆరు నెలల్లో మొదటి లారీని బయటికి తెచ్చింది. అదే టాటా మెర్సిడెస్-బెంజ్. ముందు జాలీ మీద మూడు కొమ్మల నక్షత్రం ఉండేది. 1969లో ఒప్పందం ముగిశాక నక్షత్రం పోయి దాని చోట ఆంగ్లపు 'టీ' అక్షరం వచ్చింది. అందువల్ల నక్షత్రం ఉన్న లారీ కనిపిస్తే అది ఆ 15 ఏళ్ల నాటిదని ఆర్.సి. పుస్తకం చూడకుండానే చెప్పవచ్చు. కానీ జనం నోట్లో పేరు అంత త్వరగా పోలేదు. నక్షత్రం పోయిన చాలా ఏళ్లకు కూడా మా వైపు ఏ టాటా లారీనైనా 'బెంజి లారీ' అనే అనేవారు.

మా బండి ఆ నక్షత్రం కాలపుది. ముందు పొడుగ్గా ముక్కు, లోపల 312 ఇంజిను. ఆరు సిలిండర్లు, బోరు 90 మిల్లీమీటర్లు, స్ట్రోకు 120 మిల్లీమీటర్లు. మొత్తం 4,580 ఘన సెంటీమీటర్లు, నాలుగున్నర లీటర్ల పైచిలుకు. తర్వాత టాటావాళ్ల సొంత ఇంజన్ల పేర్లలో ఈ కొలతలే దాగి ఉన్నాయి. 692 అంటే 6 సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల బోరు. 697 అంటే 6 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. లారీల నంబర్లూ అంతే. 1210 అంటే బరువుతో కలిపి 12 టన్నులు, సుమారు 100 గుర్రాల శక్తి. ఈ కిటుకు మేస్త్రీలందరికీ తెలుసు.

మా మేస్త్రికి 70 దాటాయి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బజారులో కన్నడం, తమిళం, మాతో తెలుగు మాట్లాడతాడు. 36 ఏళ్లుగా కదలని ఇంజిను చుట్టూ తిరిగి, ఆయిలు కొలిచే కడ్డీ తీసి వాసన చూసి, "నీళ్లు దిగలేదు. దీనికి పానముందప్పా" అన్నాడు. నాజిల్సు విప్పి, ఆ రంధ్రాల్లోంచి డీజిలూ ఇంజిన్ ఆయిలూ కలిపి పోసి మూడు వారాలు వదిలేశాం. తర్వాత ఫ్లైవీలుకు గడ్డపార పెట్టి వెనక్కూ ముందుకూ అంగుళం అంగుళంగా కదిపాడు. ఐదు పిస్టన్లు వదిలాయి. ఆరోది పట్టుకునే ఉంది. హెడ్డు ఎత్తక తప్పలేదు. రింగులు, హెడ్ ప్యాకింగు, కొన్ని బేరింగులు మార్చాం. బెంగళూరు జె.సి. రోడ్డులో, శివాజీనగర్ గుజరీలో, చెన్నై పుదుపేటలో సెలవు రోజుల్లో తిరిగి పోగుచేశాం. కొత్తవి ఎక్కడా లేవు. పాత కొట్లలో అమ్ముడుపోక మిగిలిన సరుకు, లేదా వేరే బండి నుంచి తీసినవి. ఆరు హీటర్ ప్లగ్గులు మాత్రం చాలా వెతికించాయి. ఈ ఇంజన్లలో డీజిలు నేరుగా సిలిండరులో కాక ముందుగా ఒక చిన్న గదిలో అంటుకుంటుంది. చలి పొద్దున ఆ గదిని వేడి చేయాలి. పాత పద్ధతిలో ఆరు ప్లగ్గుల్నీ ఒకే వరసలో కలిపేవారు. ఒకటి మాడితే ఆరూ పనిచేయవు.

డీజిలు పంపు దగ్గర చరిత్ర మా ఊరి దగ్గరికే వచ్చింది. డీజిలు ఇంజినులో అన్నిటికన్నా సున్నితమైన పని పంపుదీ నాజిల్సుదీ. ఆ పని మన దేశంలో చేయడానికి జర్మనీ బాష్ సహకారంతో 1951లో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ పుట్టింది. దాని కార్ఖానాను బెంగళూరు ఆడుగోడిలో పెట్టారు. 'మైకో' అనే పేరుతో దాన్ని ఎరగని లారీ మనిషి లేడు. హోసూరు, ఆనేకల్ వైపు నుంచి ఎందరో యువకులు అక్కడ పనిలో చేరారు. ఒక పక్క బండి భాగం, ఇంకో పక్క ఇంటి జీతం ఒకే చోటి నుంచి వచ్చిన కుటుంబాలు మా ప్రాంతంలో ఉన్నాయి. 1980లో హోసూరులోనే అశోక్ లేలాండ్ కార్ఖానా పెట్టింది. అంతవరకు లారీలో సరుకు ఎత్తిన ఊరు తర్వాత లారీలనే ఎత్తే ఊరైంది.

ఛాసిస్ జంషెడ్‌పూర్‌ది, ఇంజిను జర్మనీ రూపకల్పన, పంపు బెంగళూరుది. మరి బాడీ? అది ఊరి వడ్రంగిది. ఆ కాలంలో కంపెనీవాళ్లు ఇచ్చేది నాలుగు చక్రాలకో ఆరు చక్రాలకో పైన ఇంజినూ ముందు రేకు ముఖమూ మాత్రమే. డ్రైవరు కూర్చునే క్యాబిను, సరుకు పెట్టే తొట్టి కొన్నవాడే కట్టించుకోవాలి. రైతు బండి చేసిన ఆచారులే లారీ బాడీలూ చేశారు. అప్పటి సేలం జిల్లాలో నామక్కల్, తిరుచెంగోడు, శంకగిరి లారీల ఊళ్లుగా ఎదగడానికి ఈ బాడీ కట్టే పని ఒక ముఖ్య కారణం. మా బండి కర్ర విప్పినప్పుడు అడ్డదూలాల కొసలు ఎద్దుబండి పోలుగర్రకు చెక్కినట్టే చెక్కి ఉన్నాయి. చెదలు తిన్నవి తీసేసి, పాడుపడ్డ ఇంటి దూలాలు రెండు కొని కోయించాం. కొత్త టేకు కొనే స్తోమత ఈ లెక్కలో లేదు. ఆ క్యాబినులో ఇంజిను వేడికి డ్రైవరు కాళ్లు కాలేవి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లలో ఏసీ ఉండాలని 2023 డిసెంబరులో ప్రభుత్వం నిబంధన ప్రకటించిందని చెబితే మా మేస్త్రి కాసేపు నవ్వి, తన మోకాలి కింది మచ్చ చూపించాడు.

ఇప్పుడు డబ్బు సంగతి. 1962లో బ్యాంకులు ఒంటి లారీ మనిషిని గడప దగ్గరే ఆపేవి. అప్పు ఇచ్చేది ఫైనాన్సు కంపెనీలు. మద్రాసులో టి.ఎస్. సంతానం 1954లో సుందరం ఫైనాన్స్‌ను మొదలుపెట్టింది ఈ లారీ, బస్సు వ్యాపారం కోసమే. దాన్ని చూసి ఊరూరా చిన్నచిన్న భాగస్వామ్య సంస్థలు వెలిశాయి. పద్ధతి పేరు 'హైర్ పర్చేజ్'. కామర్సు విద్యార్థికి మొదట బోధించే తేడా ఒకటుంది. తాకట్టులో సొత్తు మీది, హక్కు అప్పిచ్చినవాడిది. హైర్ పర్చేజ్‌లో చివరి కిస్తు కట్టేవరకు సొత్తే అప్పిచ్చినవాడిది. మీరు దాన్ని బాడుగకు వాడుకుంటున్నట్టు లెక్క. 36లో 35 కిస్తులు కట్టి ఒకటి తప్పినా బండిని పట్టుకుపోయే హక్కు కాగితం మీద ఉండేది. 1969 జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేశాక, 1972లో ప్రాధాన్య రంగానికి నిర్వచనం ఇచ్చినప్పుడు, అందులో చిన్న రోడ్డు రవాణాదారులను కూడా చేర్చారు. వ్యవసాయం, చిన్న పరిశ్రమల పక్కన లారీవాడి పేరు బ్యాంకు ఫారాలలోకి ఎక్కింది అప్పుడే. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ ఫారం మామూలు కాగితమైపోయింది. దాని వెనుక ఉన్న కాలం మా తాత చిట్టా చూశాకే నాకు అర్థమైంది.

ఆ చిట్టాలో 36 కిస్తులున్నాయి. ఒక్కొక్కటి 950 రూపాయలు. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు, అడుగున నిలువ. బాడుగ ఎక్కడికి, ఏ సరుకు, ఎన్ని మూటలు అని ఒక్కొక్క వరస. డెంకణికోట చింతపండు బెంగళూరుకు, హోసూరు రాగులు సేలానికి, వచ్చేటప్పుడు సిమెంటు, ఎరువు. రెండు నెలల దగ్గర జమ గడిలో ఏమీ లేదు. 'వాన. బాడుగ లేదు' అని మాత్రం ఉంది. ఆ రెండు నెలల కిస్తూ కట్టినట్టు ఎదుటి పేజీలో ఉంది. దాని పక్కన మా అవ్వ గాజుల తూకం రాసి ఉంది. అంతకు మించి ఒక్క మాటా లేదు. తర్వాత ఎక్కడా గాజులు తిరిగి వచ్చినట్టు జమ కూడా లేదు.

లారీకి రెండో అడ్డంకి గీతలు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లా అటు పోయింది, హోసూరు ఇటు ఉండిపోయింది. అంతకు ముందు కుప్పం, పలమనేరు, మదనపల్లె సంతలకు పోవడానికి మద్రాసు పర్మిటు చాలు. తర్వాత అది వేరే రాష్ట్రం. ఇక బెంగళూరు దారిలో పది కిలోమీటర్ల లోపే మైసూరు రాష్ట్రపు హద్దు. 1939 మోటారు వాహనాల చట్టం 63వ సెక్షను ప్రకారం ఒకచోట ఇచ్చిన పర్మిటు ఇంకోచోట చెల్లాలంటే అక్కడి అధికారి ఎదురు సంతకం కావాలి. దానికి వేరే పన్ను కూడా కట్టాలి. పెళ్లి సంబంధాలు కుప్పంలో, సంత బెంగళూరులో, కోర్టు సేలంలో ఉన్న మనుషులకు ఈ మూడు రాష్ట్రాల లెక్క నిత్యకృత్యం. 1975లో నేషనల్ పర్మిటు పథకం వచ్చింది. కానీ మొదట్లో ఆ పర్మిట్ల సంఖ్యకు పరిమితి ఉండేది. 2010 మే 8 నుంచి ఏటా 15,000 ఒకేచోట కడితే దేశమంతా తిరిగే ఏర్పాటు వచ్చింది. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చాక అమ్మకం పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశారు. మా నాయన అత్తిబెలె దగ్గర క్యూలో గడిపిన రాత్రులను కూడితే ఎన్నేళ్లవుతాయో చిట్టాలో లేదు. లారీలో పెళ్లివాళ్లను ఎక్కించుకుని కుప్పం పోయిన రోజులకు మాత్రం 'బాడుగ లేదు, మనవాళ్లు' అని ఉంది.

లారీ భాష గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి, సాహిత్య పత్రిక కాబట్టి. కిందనుండే పట్టీలను మనం 'కమాన్ కట్ట' అంటాం. కమాన్ అంటే పారసీలో విల్లు. వంగి ఉండే ఆకారాన్ని చూసి పెట్టిన పేరు. 'మేస్త్రి' పోర్చుగీసు నుంచి వచ్చింది. 'కిస్తు', 'జమ' అరబీ నుంచి, 'ఖర్చు' పారసీ నుంచి వచ్చాయి. అదనపు చక్రాన్ని దేశమంతా 'స్టెప్నీ' అంటారు. అది ఇంగ్లండు పక్కనున్న వేల్సు దేశంలో లనెల్లీ ఊరి వీధి పేరు. 1904లో ఆ వీధిలో విడి చక్రం కనిపెట్టి అమ్మారు. ఆ దేశంలో మాట మరుగున పడింది, మన క్లీనరు నోట్లో బతికింది. ఇన్ని ఊళ్ల మాటలు కలిసినా మా నాయనా మేస్త్రీ మాట్లాడుకుంటుంటే అది తెలుగే. భాష ఎక్కడెక్కడి సరుకైనా ఎత్తుకుని నడవగలదనడానికి ఇంతకన్నా సాక్ష్యం నాకు అక్కర్లేదు.

లెక్క చెప్పి ముగిస్తానన్నాను కాబట్టి చెబుతాను. ఇంజిను పనికి 52,000. పంపు, నాజిల్సుకు 14,500. బ్రేకు, క్లచ్చికి 17,000. ఆరు టైర్లు, అతుకు రబ్బరు వేసినవి, ఒక్కొక్కటి 5,000 చొప్పున 30,000. బ్యాటరీ, వైర్లు, రేడియేటరు 16,500. కర్ర, రేకు పని 34,000. రంగు, అక్షరాలు 13,000. మొత్తం 1,77,000. మిగిలింది 3,000. పొదుపు ఎక్కడ జరిగిందంటే వరసలో. డబ్బు నెలనెలా వస్తుంది కనుక పని కూడా నెలనెలా చేయించాం. ముందు ఇంజిను, తర్వాత బ్రేకు, చివర రంగు. కొందరు ముందు రంగు వేయిస్తారు. రంగేసిన బండి కదలకపోతే ఆ డబ్బు పోయినట్టే. కదిలే బండికి రంగు ఎప్పుడైనా వేయవచ్చు.

కామర్సు పుస్తకం ప్రకారం ఈ ఖర్చుకు సమర్థన లేదు. 95,000 విలువైన ఇనుము మీద 1,77,000 పెట్టడం ఏ ఆడిటరూ ఒప్పడు. ఆదాయపు పన్ను నిబంధనల్లో కిరాయి లారీకి 2005-06 నుంచి ఏటా 30 శాతం తరుగుదల ఇచ్చారు. ఆ లెక్కన 100 రూపాయల లారీ పదేళ్లకు 2 రూపాయల 82 పైసలవుతుంది. 60 ఏళ్లకు పైసాలో వెయ్యో వంతు కూడా మిగలదు. తరుగుదల లెక్క తప్పని నేననను. అది బండి సంపాదించే శక్తిని కొలుస్తుంది. గాజుల తూకాన్ని కొలిచే గడి అందులో లేదు.

17వ నెలలో బండి లేచింది. మా తమ్ముడే స్టీరింగు పట్టుకున్నాడు. గేరు మార్చేటప్పుడు రెండుసార్లు క్లచ్చి తొక్కాలని వాడికి నేను చెప్పనక్కర్లేకపోయింది. చిన్నప్పుడు నాయన పక్కన కూర్చుని చూసింది కాళ్లకు గుర్తుంది. షెడ్డు దాటి, చింతతోపు చుట్టి, బావి దగ్గర ఆపాడు. అమ్మకం మాట తర్వాత ఎత్తలేదు. షెడ్డు మాత్రం వాడికే ఇచ్చాం. బండికి తోపులో వేరే రేకులు వేశాం.

అక్షరాల సంగతి మిగిలింది. క్యాబిను నెత్తిన రంగు గీకుతుంటే పొరలు పొరలుగా రాతలు బయటపడ్డాయి. పైపొర తమిళం, దాని కింద తమిళం, తెలుగు, అన్నిటికన్నా అడుగున 1962 నాటి తెలుగు: 'శ్రీ లక్ష్మీనరసింహస్వామి ప్రసన్న'. అడుగుపొరనే మళ్లీ రాయిద్దామనుకున్నాం. పెయింటరు మంచి పనివాడు. తమిళం, కన్నడం, ఆంగ్లం చకచకా రాస్తాడు. తెలుగు రాదు. చెక్కపేడు మీద రాసి చూపించినప్పుడు తలకట్లన్నీ కన్నడం తీరున పడ్డాయి. తెలుగు బడిలో పదో తరగతి దాకా చదివిన మా చెల్లెలు పాత వార్తాపత్రికల మీద పెద్ద అక్షరాలు గీసి కత్తిరించి ఇచ్చింది. వాటిని అద్ది అతను గీతలు గీసుకున్నాడు. ఆమె కొడుకు నిచ్చెన పట్టుకుని నిలబడి, "ఏమని రాస్తుండారు?" అని అడిగాడు. 2006లో తమిళనాడు చేసిన తమిళ బోధన చట్టం ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున ఎక్కి 2016 నాటికి పదో తరగతి పరీక్షకు చేరింది. ఆ మెట్ల మీద ఎక్కి వచ్చిన పిల్లవాడు వాడు. తమిళం చక్కగా చదువుతాడు, అందుకు నాకు సంతోషమే. ఇంట్లో మాట్లాడే తెలుగును మాత్రం గోడ మీద చూసి చదవలేడు. తాత చిట్టా వాడికి బొమ్మల పుస్తకం. ఇప్పుడు వారానికి ఒక పేజీ చొప్పున వాళ్లమ్మ వాడిచేత చదివిస్తోంది. జమ దగ్గర మొదలుపెట్టి నిలువ దగ్గర ఆపుతారు.

బండి రోడ్డెక్కదు. 1988 చట్టం 56వ సెక్షను ప్రకారం ఫిట్‌నెస్ పత్రం లేని రవాణా వాహనం రిజిస్టరు కానట్టే. 15 ఏళ్లు దాటిన మధ్యతరహా సరుకు బండికి ఆ పత్రం రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి 10,000 అయింది, 2025లో ముసలి బండ్ల రుసుములు మళ్లీ పెంచారు. 2021 జూలైలో 50 ఏళ్లు దాటిన పాత వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషను వచ్చింది గాని, అది సొంతానికి వాడుకునే రెండు, నాలుగు చక్రాల బండ్లకు. ఆరు చక్రాల మీద బాడుగకు తిరిగినదానికి అందులో చోటు లేదు. జమీందారు కారుకు చట్టంలో వారసత్వ గౌరవం ఉంది. కిస్తు కట్టి కొన్న లారీకి ఇంకా రాలేదు.

బళ్లారిలో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో ఉన్న మన పాఠకుల ఇళ్లలోనూ ఇలాంటి చిట్టాలు అటకల మీద ఉంటాయని నా నమ్మకం. బండి దొరకకపోయినా ఫరవాలేదు. చిట్టా దొరికితే దింపి, దుమ్ము దులిపి, ఏ ఊరికి ఏ సరుకు పోయిందో, ఏ హద్దు దగ్గర ఎంత కట్టారో రెండు పేజీలు ఎత్తి రాసి ఈ పత్రికకు పంపండి. చదవగలిగినవాళ్లు ఇంట్లో ఉండగానే ఆ పని చేయండి.